కొత్త టీన్ సూపర్‌హీరో కామిక్‌ను ఓరుగల్లులో ఉండి మొదటి సంచిక నుంచి ఫాలో అవడం ఎలా?

హీరోకు పదహారేళ్ళు. కొత్త పేరు, కొత్త డ్రెస్సు. మొదటి కవర్ మీద బడి బ్యాగు ఒక భుజానికి, మాస్కు ఇంకో చేతిలో. ఇలాంటి కొత్త కామిక్ సిరీస్ ప్రకటన ఫోన్లో కనపడగానే మన దగ్గర చాలామంది చేసే పని ఒక్కటే: బొమ్మను స్టేటస్‌గా పెట్టుకోవడం, రెండేళ్ళ తర్వాత ఎప్పుడో మొత్తం కథ ఒకేసారి చదవడం. అప్పటికి ఆ సిరీస్ ఉంటే అదృష్టం. చాలా కొత్త సిరీస్‌లు రెండో పుస్తకం (ఐదారు సంచికలు కలిపి వేసేది) దాకా కూడా రావు.

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో గానీ, ఇటు కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల వైపు గానీ ఉండి ఒక కొత్త సిరీస్‌ను పుట్టినప్పటి నుంచి వెంట పట్టుకుని ఎలా చదవాలో ఇక్కడ వరసగా చెబుతాను. మన ఊళ్ళో అమెరికన్ కామిక్స్ నెలనెలా తెప్పించే షాపు కోసం వెతుక్కుంటూ కూర్చుంటే పని కాదు. దానికి వేరే దారులున్నాయి.

ముందు ప్రకటనను సరిగ్గా చదవండి

పెద్ద అమెరికన్ పబ్లిషర్లు రాబోయే సంచికల వివరాలను దాదాపు మూడు నెలల ముందే బయటపెడతారు. అందులో కథ గురించి ఉండే రెండు మూడు వాక్యాలు ఊరించడానికి రాసినవి, వాటిని పెద్దగా పట్టించుకోకండి. చూడాల్సినవి వేరే. రచయిత ఎవరు, బొమ్మలు ఎవరివి, ఆ ఆర్టిస్టే రెండో, మూడో సంచికలకు కూడా ఉన్నారా? కవర్ వేసినవారు, లోపల బొమ్మలు వేసేవారు చాలాసార్లు వేరువేరు మనుషులు. కవర్ చూసి మోసపోయామని తర్వాత అనుకోకుండా, లోపలి పేజీల నమూనాలు విడుదల చేశారేమో వెతికి చూడండి.

ఇంకొకటి, అది ఆగకుండా నడిచే సిరీసా, లిమిటెడ్ సిరీసా? లిమిటెడ్ అయితే నాలుగో, ఐదో, ఆరో సంచికలతో కథ ముగుస్తుంది, మీ బడ్జెట్ ముందే తెలిసిపోతుంది. వయసు గుర్తు కూడా చూడండి. హీరో టీనేజర్ అయినంత మాత్రాన కథ పిల్లలకని కాదు. మీ ఇంట్లో ఆరో తరగతి చెల్లె కూడా ఆ పుస్తకం పట్టుకుంటుందంటే ఇది ముఖ్యం.

మొదటి సంచిక రాకముందే ఎందుకు తొందరపడాలో తెలుసుకోండి

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా పనులన్నీ ఎందుకు చేయాలో మీకే తెలుస్తుంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికాలో కామిక్ సంచికలు ఎక్కువగా ప్రత్యేకమైన కామిక్ షాపుల్లో అమ్ముతారు. ఈ పద్ధతి 1970లలో మొదలైంది. అందులో షాపు వాళ్ళకు డిస్కౌంట్ ఎక్కువ, కానీ మిగిలిపోయిన కాపీలను మామూలుగా వెనక్కి తీసుకోరు. నష్టం షాపువాడిదే. కాబట్టి అతను పేరున్న హీరోల పుస్తకాలు ధైర్యంగా తెప్పిస్తాడు, ఎవరికీ తెలియని పదహారేళ్ళ హీరో పుస్తకం దగ్గరికొచ్చేసరికి చేయి వెనక్కి లాక్కుంటాడు.

మొదటి సంచికకు రకరకాల వేరియంట్ కవర్లు, అంటే అదే కథకు వేరువేరు ముఖచిత్రాలు, వేస్తారు, దాచుకునేవాళ్ళు కూడా కొంటారు, కాబట్టి అది బాగానే అమ్ముడవుతుంది. రెండో సంచికకు అమ్మకాలు పడిపోవడం మామూలే. అసలు చిక్కు ఏమిటంటే, రెండో సంచికకు, చాలాసార్లు మూడోదానికి కూడా, షాపులు ఆర్డర్ పెట్టే సమయానికి మొదటి సంచిక ఇంకా బయటికే రాదు. అంటే ఎవరూ చదవకముందే దాని తలరాత సగం రాసేస్తారు. ఆర్డర్ మార్చుకునే చివరి తేదీ కూడా విడుదలకు కొన్ని వారాల ముందే అయిపోతుంది. "ముందు నాలుగు సంచికలు రానీ, బాగుందంటే అప్పుడు చూద్దాం" అనుకునే పాఠకులు ఎక్కువైతే ఆ నాలుగు సంచికల తర్వాత చూడటానికి ఏమీ మిగలదు.

ఇందులో వరంగల్ పాఠకుడి వంతు ఎంత అంటారేమో. ఒక్కరిది చిన్నదే. కానీ మనం డిజిటల్‌లో డబ్బు పెట్టి కొన్న సంచిక, పుస్తకంగా వచ్చినప్పుడు కొన్న కాపీ కూడా లెక్కలోకి వస్తాయి. కమలా ఖాన్ సంగతి చూడండి. న్యూజెర్సీలో ఉండే పాకిస్తానీ కుటుంబంలోని అమ్మాయి, 2014లో మిస్ మార్వెల్‌గా తనకంటూ సొంత సిరీస్ తెచ్చుకుంది. ఆమెను నిలబెట్టినవాళ్ళలో కామిక్ షాపు గడప తొక్కనివాళ్ళు, డిజిటల్‌లో, పుస్తకాల షాపుల్లో కొన్న కొత్త పాఠకులు చాలామంది. మొదటి పుస్తకానికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. దూరంగా ఉన్న పాఠకుల వల్ల ఏమీ కాదని అనుకోవద్దు.

కొనే దారి ఎంచుకోండి

మూడు దారులున్నాయి. మూడూ ఒకేసారి పెట్టుకుంటే జేబు ఖాళీ అవుతుంది.

నెలనెలా, విడుదల రోజే చదవాలంటే డిజిటల్ మేలు. ఒకప్పుడు కామిక్సాలజీ అని విడిగా యాప్ ఉండేది, 2023 డిసెంబర్‌లో దాన్ని కిండిల్‌లో కలిపేశారు. ఇప్పుడు చాలా సిరీస్‌లు కిండిల్‌లో సంచిక సంచికగా దొరుకుతాయి. అమెరికాలో కొత్త కామిక్స్‌కు ఎక్కువగా బుధవారం విడుదల రోజు. న్యూయార్క్ కన్నా మనం వాళ్ళ వేసవి సమయంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటాం. కాబట్టి బుధవారం పొద్దున లేవగానే వెతికి, లేదని టెన్షన్ పడకండి.

ఆగగలిగితే మార్వెల్ అన్‌లిమిటెడ్ లాంటి చందా యాప్ చవక. నెలకో ఏడాదికో ఒకసారి కడితే వేల సంచికలు చదవచ్చు, కొత్తవి ప్రింట్‌లో వచ్చిన దాదాపు మూడు నెలలకు అందులోకి వస్తాయి. పాత కథలు తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కాకపోతే మీ సిరీస్ కొత్తది, బతకాలి అనుకుంటే, దాని వరకు సంచికలు విడిగా కొనండి. మిగతావన్నీ చందాలో చదువుకోండి. నా సలహా ఇదే.

మూడోది ట్రేడ్, అంటే ఐదారు సంచికలు కలిపి కుట్టిన పుస్తకం. మన దేశంలో ఆన్‌లైన్ షాపుల్లో తేలిగ్గా దొరికేది ఇదే. ఇంటికొస్తుంది, అల్మరాలో నిలబడుతుంది, చేతులు మారుతుంది. విడి సంచికలను ప్రింట్‌లో దిగుమతి చేయించుకోవాలంటే ఖర్చు ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. మొదటి సంచిక ఒక్కటి గుర్తుగా తెప్పించుకుని మిగతావి ట్రేడ్‌లో చదివితే చాలు.

డబ్బు కట్టే ముందు ఒక చిన్న పని. 2020లో రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు మారినప్పటి నుంచి కొత్త కార్డుల మీద విదేశీ చెల్లింపులు మొదట్లో ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ వాడకాన్ని ఆన్ చేసి, పరిమితి చిన్నగా పెట్టుకోండి. విదేశీ యాప్‌ల చందా నెలనెలా దానంతట అదే కట్ అవుతుందని నమ్ముకోవద్దు, ఆటో డెబిట్ కొన్నిసార్లు ఫెయిల్ అవుతుంది. గడువు తేదీకి ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. కార్డు నాన్నదైతే నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఓటీపీ అడిగి తీసుకుని చాటుగా కాదు.

హైదరాబాద్ వెళ్తే? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత కామిక్స్ దొరుకుతాయి. కాజీపేట నుంచి పొద్దున్నే సికింద్రాబాద్ బండి ఎక్కితే రెండు రెండున్నర గంటల్లో దిగొచ్చు. శీతాకాలంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్, హైదరాబాద్ కామిక్ కాన్ కూడా చూడదగ్గవే. కాకపోతే ఈ మధ్యే మొదలైన సిరీస్ కోసం అక్కడికి పోవద్దు. అక్కడ పాత సరుకు, పేరున్న సరుకు ఎక్కువ.

ఒక సంచికను రెండుసార్లు చదవండి

ఒక సంచికలో కథ ఉండేది ఇరవై, ఇరవై రెండు పేజీలు. గబగబా చదివితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంత డబ్బుకు ఇంతేనా అనిపిస్తుంది. మొదటిసారి అలాగే చదవండి, కథ కోసం. రెండోసారి మాత్రం నెమ్మదిగా.

చేర్యాల నకాషీ పటం ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? 2016 దాకా మన పాత వరంగల్ జిల్లాలోనే ఉండేది చేర్యాల, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఎర్రటి నేల మీద కథను గళ్ళు గళ్ళుగా వేస్తారు. కథ చెప్పేవాళ్ళు ఆ పొడుగాటి పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ చెబుతారు. తర్వాతి గడిలో ఏముందో విప్పేదాకా తెలియదు. కథ ఎక్కడ ఆపాలో, ఎప్పుడు విప్పాలో చెప్పేవాళ్ళ చేతిలో ఉంటుంది. కామిక్‌లో ఆ పని పేజీ తిప్పడం చేస్తుంది. కుడివైపు పేజీ చివరి ప్యానెల్‌ను, అంటే చివరి బొమ్మ గడిని, గమనించండి. తలుపు కొట్టిన చప్పుడో, హీరో వెనక్కి తిరిగి చూడటమో, సగంలో ఆగిన మాటో ఉంటుంది. పేజీ తిప్పితే ఎడమవైపు పెద్ద బొమ్మ. మంచి రచయితలు, ఆర్టిస్టులు కలిసి లెక్కపెట్టుకుని మరీ అక్కడ ఆపుతారు.

ఫోన్లో చదివేవాళ్ళకు ఈ దెబ్బ సగం తెలియకుండా పోతుంది. ఒక్కో ప్యానెల్‌ను పెద్దది చేసి చూపించే గైడెడ్ వ్యూ చిన్న స్క్రీన్ మీద బాగానే పనికొస్తుంది, కానీ అందులో పేజీ మొత్తం ఎలా అమరిందో కనపడదు. కాబట్టి రెండోసారి గైడెడ్ వ్యూ ఆపేసి, ఫోన్ అడ్డంగా తిప్పి, రెండు పేజీలూ పక్కపక్కన చూడండి. ఇంట్లో ట్యాబో, కంప్యూటరో ఉంటే ఇంకా మంచిది.

రెండో చదువులో మాటల పెట్టెల రంగులు చూడండి. గాల్లో తేలే గుండ్రటి బెలూన్లు బయటికి మాట్లాడిన మాటలు, దీర్ఘచతురస్రపు పెట్టెలు మనసులో మాట లేదా కథనం. చాలా కామిక్స్‌లో ఒక్కో పాత్ర పెట్టెకు ఒక్కో రంగు ఉంటుంది, అది ఎక్కువగా ఆ పాత్ర డ్రెస్సు రంగుకు దగ్గరగా ఉంటుంది. అమ్మాయి ఒంటరిగా గదిలో కూర్చున్న బొమ్మ మీద ఆమె రంగు కాని పెట్టె ఒకటి కనపడిందనుకోండి. ఆ మాట ఎవరిదో కనిపెట్టేయొచ్చు, వచ్చే నెల కథ ఎటు పోతుందో కూడా. బెలూన్‌లో కొన్ని మాటలు లావుగా ఉంటాయి, అక్కడ గొంతు నొక్కి చదవాలి. పైకి చదివి చూడండి, డైలాగ్ బతికొస్తుంది. ఈ అక్షరాల పని చేసేవారిని లెటరర్ అంటారు, మొదట్లో ఉండే పేర్లలో వాళ్ళ పేరు కూడా ఉంటుంది. అభిమాని అన్నవాడు ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లీష్ గురించి భయం వద్దు. టీనేజ్ కథల్లో యాస ఎక్కువ, డిక్షనరీలో దొరకని మాటలు వస్తాయి. బొమ్మే సగం అర్థం చెబుతుంది. ముందుకు పోండి, అర్థం కానివి గుర్తు పెట్టుకుని తర్వాత నలుగురిలో అడగండి. ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇలా చదివే ఇంగ్లీష్ మీద పట్టు తెచ్చుకోవచ్చు, అది కొసరు లాభం.

నలుగురిని కూడగట్టండి

నెలకో సంచిక అంటే మధ్యలో నాలుగు వారాల ఎదురుచూపు. ఈ ఎదురుచూపు ఒంటరిగా కష్టం, నలుగురితో పండగ. ఒకప్పుడు చందమామ ఇంటికొస్తే ఒక్క పుస్తకం కోసం అన్నదమ్ములు కొట్లాడుకునేవాళ్ళు, తర్వాత అందరూ కలిసి అదే కథ గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ అలవాటు మన ఇళ్ళలో ఉన్నదే.

పెద్ద గ్రూపు వద్దు. ఐదారుగురు చాలు. కాకతీయ యూనివర్సిటీ (కేయూ) హాస్టల్ నుంచి ఒకరు, నిట్ నుంచి ఒకరు, పక్కింటి తొమ్మిదో తరగతి పిల్లాడు, ఇలా వయసులు కలిసేలా చూడండి. టీన్ హీరో కథ గురించి అసలైన మాట ఆ వయసులో ఉన్నవాళ్ళే చెబుతారు. ఇంట్లో దాచిన రహస్యం, పరీక్షల ముందు రోజు వచ్చిన గొడవ, స్నేహితుడికి అబద్ధం చెప్పాల్సి రావడం లాంటివి వాళ్ళకు ఇప్పుడు జరుగుతున్న సంగతులు. పెద్దవాళ్ళు అక్కడ కాస్త తగ్గి వినాలి. 1940లో రాబిన్ వచ్చినప్పుడు కుర్రాడంటే ఎక్కువగా పెద్ద హీరో వెంట తిరిగేవాడే. 1962లో స్పైడర్‌మ్యాన్‌తో బడికెళ్ళే కుర్రాడే అసలు హీరో అయ్యాడు. అప్పటి నుంచి ఈ కథల బలమంతా ఆ వయసు కష్టాల్లోనే ఉంది.

గ్రూపుకు రెండు నియమాలు పెట్టుకోండి. బుధవారం సంచిక వస్తే ఆదివారం దాకా ఎవరూ కథ బయటపెట్టకూడదు. ఆగలేనివాళ్ళు "చదివాను" అని ఒక్క మాట పెట్టొచ్చు, అంతే. "అయ్యో ఆమె ఇలా చేస్తుందనుకోలేదు" లాంటి అరకొర మాటలు కూడా స్పాయిలరే. రెండోది, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు గ్రూపులో పెట్టకూడదు. ఇది నేను గట్టిగా చెబుతాను. పైన చెప్పిన లెక్క గుర్తుంది కదా. కొత్త సిరీస్‌కు ఒక్కో కాపీ లెక్కే, ఫ్రీ పీడీఎఫ్ ఏ లెక్కలోకీ రాదు. డబ్బు లేని తమ్ముడుంటే ఆదివారం మీ ట్యాబ్ మీద కలిసి చదవండి, ట్రేడ్ వచ్చాక అతనికే మొదట ఇవ్వండి. నలుగురు చందా వేసుకుని ఒక ట్రేడ్ కొంటే మనిషికి పడేది తక్కువే. పుస్తకం ఎవరి దగ్గరుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, లేకపోతే ఆర్నెల్లలో అది ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలియదు.

కలవడానికి హన్మకొండ పబ్లిక్ గార్డెన్ బాగుంటుంది, భద్రకాళి చెరువు కట్ట కూడా. ఎండాకాలంలో మాత్రం సాయంత్రం ఆరు దాటాకే. మాట్లాడేటప్పుడు "బాగుంది, బాగోలేదు" దగ్గర ఆగకండి. ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన ఒక ప్యానెల్ చూపించి ఎందుకో చెప్పాలని పెట్టుకుంటే మాట దానంతట అదే సాగుతుంది.

ఇతర సిరీస్‌ల గొడవలో పడకండి

కొత్త హీరోకు కాస్త పేరు రాగానే పబ్లిషర్ ఆ పాత్రను పెద్ద క్రాసోవర్‌లోకి, అంటే చాలా సిరీస్‌ల హీరోలు కలిసే కథలోకి, లాగుతాడు. కథలో సగం ఇంకో పది పుస్తకాల్లో ఉందంటాడు. అన్నీ కొనక్కర్లేదు. మీ సిరీస్ సంచికలు వరసగా చదువుతూ పోండి, మంచి రచయిత అవసరమైనది అందులోనే అర్థమయ్యేలా రాస్తాడు. వేరియంట్ కవర్లు కూడా అంతే, లోపల కథ ఒక్కటే. రేపు రేటు పెరుగుతుందని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మి డబ్బు పెట్టకండి.

దాచే పద్ధతి

ప్రింట్ సంచిక తెప్పించుకుంటే వానాకాలంలో జాగ్రత్త. అమెరికన్ సంచిక సుమారు 17 సెంటీమీటర్ల వెడల్పు, 26 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మన దగ్గర దొరికే ఏ4 ప్లాస్టిక్ కవర్లు దానికి వదులవుతాయి, లోపల జారి మూలలు వంగుతాయి. యాసిడ్ లేని మందపాటి డ్రాయింగ్ షీటును సంచిక కన్నా ఒక పిసరు పెద్దగా కత్తిరించి వెనక పెట్టండి, కవర్ మిగిలిన భాగాన్ని వెనక్కి మడిచి టేప్ వేయండి. టేప్ కాగితానికి తగలకూడదు. పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి. స్లాబ్ కారే గోడకు ఆనించవద్దు. సిలికా జెల్ ప్యాకెట్లు ఒకటి రెండు పెడితే తేమ తగ్గుతుంది, ఎండిన వేపాకు పురుగులను దూరం పెడుతుంది. వేపాకు కవర్ బయట ఉండాలి, పచ్చిది పెడితే మరక పడుతుంది.

నచ్చితే రాయండి, గీయండి

కొన్ని సిరీస్‌లలో చివరి పేజీల్లో పాఠకుల ఉత్తరాలు వేస్తారు, ఈమెయిల్ అడ్రస్ అక్కడే ఉంటుంది. వరంగల్ నుంచి ఒక ఉత్తరం వెళ్తే ఎడిటర్‌కు అది మామూలు ఉత్తరం కాదు. "ఐ లవ్ ఇట్" అని ఒక వాక్యం రాసి ఊరుకోకండి. ఏ సంచికలో, ఏ పేజీలో, ఏ బొమ్మ మీకు గుచ్చుకుందో రాయండి. అక్కతో మాట్లాడకుండా తలుపు వేసుకున్న ఆ ప్యానెల్ మా ఇంట్లో జరిగినట్టే ఉందని రాస్తే చాలు, ఆ ఆర్టిస్టుకు అంతకన్నా ఏం కావాలి? మూడో నాలుగో సంచికల్లోపే రాయండి, సిరీస్ ఆపేస్తున్నారని తెలిశాక రాస్తే ఆలస్యం.

బొమ్మలు వచ్చినవాళ్ళు హీరోను మన ఊళ్ళోకి తీసుకురండి. ఖిలా వరంగల్ తోరణం మీద కాలు ఆనించి నిలబడినట్టో, కాజీపేట జంక్షన్‌లో బండి వెంట పరుగెత్తినట్టో గీయండి. అమ్మకుండా, సొంత ఆనందానికి గీసి, అసలు సృష్టికర్తల పేరు కింద రాసి పంచుకోండి.

సిరీస్ ఆగిపోతే

ఇంత చేసినా ఆగిపోవచ్చు. అప్పుడు ఆ పబ్లిషర్‌ను తిడుతూ కూర్చునే బదులు ఆ రచయిత, ఆర్టిస్టు తర్వాత ఏ పుస్తకం చేస్తున్నారో చూడండి, మీ గ్రూపును అటు తిప్పండి. టీన్ పాత్రలు తరచూ వేరే టీమ్ పుస్తకాల్లో మళ్ళీ కనపడతాయి, కాబట్టి ప్రకటనలు చూడటం మానకండి. చదివేసిన ట్రేడ్‌లను మీ బడి లైబ్రరీకి గానీ, ఊళ్ళోని గ్రంథాలయానికి గానీ ఇవ్వండి. ఇచ్చే ముందు లైబ్రేరియన్ గారిని అడిగి, వయసు గుర్తు చూపించి, ఆ వయసుకు తగ్గ అరలో పెట్టమనండి. కథ మధ్యలో ఆగిపోయిందని, తర్వాతి భాగం కోసం ఏం వెతకాలో, చివరి పేజీ లోపల ఒక చిన్న చీటీ మీద రాసి అతికించండి.